అన్న తిన్న చప్పిడి కూడు

మిలిటరీ ఆసుపత్రిలో కాలు విరిగినవాణ్ణి మోసుకొస్తారు. తూటా తగిలినవాడి గాయం అందరికీ కనబడుతుంది. మా కిడ్నీ వార్డుకు వచ్చేవాళ్ళు మాత్రం తమ ట్రంకు పెట్టె తామే మోసుకుంటూ నడిచి వచ్చేవాళ్ళు. బూట్లు తళతళలాడుతుండేవి. నా ముందు నిలబడి సెల్యూట్ చేసి, ఏటా చేసే పరీక్షలో మూత్రంలో ఏదో తేడా వచ్చిందట, చూపించుకొని పొమ్మన్నారు అని చెప్పేవాళ్ళు. తిరుగు ప్రయాణానికి టికెట్ కూడా జేబులో ఉండేది. వాళ్ళను కూర్చోబెట్టి, మీరు ఇప్పట్లో వెనక్కి పోవడం లేదని చెప్పడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఎన్నేళ్ళు చేసినా అలవాటు కాని భాగం అదే.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, నేను మరాఠీ మాట్లాడే ఒక పెద్ద ఊళ్ళో పనిచేస్తుండగా, ఆ అబ్బాయి కూడా అట్లాగే వచ్చాడు. ఫిరంగి దళంలో గన్నర్. ముప్పై కూడా నిండలేదు. పెళ్ళి కాలేదు. ముఖం కాస్త ఉబ్బి, కళ్ళ కింద బరువుగా ఉంది. చలి ప్రాంతంలో ఉండి వచ్చాను కదా, అందుకే వాపు అనుకున్నాడు. స్కానులో చూస్తే రెండు కిడ్నీలూ ముడుచుకుపోయి ఉన్నాయి. ఏ మందూ వాటిని మళ్ళీ నిలబెట్టలేని స్థితి.

నేను హిందీలో మాట్లాడుతున్నాను, అతను హిందీలోనే జవాబు చెబుతున్నాడు. ఇక నీళ్ళు కొలిచి తాగాలని చెప్పి, నర్సు మంచం పక్కనున్న కూజా తీసుకుపోతుంటే, "ఇదెక్కడి కర్మమప్పా" అని తనలో తాను గొణుక్కున్నాడు.

యా ఊరు మీది అని అడిగాను. ఉలిక్కిపడి నా వైపు చూశాడు.

"ఎర్రగుంట్ల తెలుసా మేడం? ఆడినుంచి వేంపల్లెకు పోయే దావలో మా ఊరు."

తెలుసునన్నాను. మాది కర్నూలు అని చెప్పాను. అప్పటిదాకా మంచం మీద అటెన్షన్‌లో ఉన్నట్టు బిగుసుకుని కూర్చున్న మనిషి మెల్లగా దిండుకు ఆనుకున్నాడు. ఆ తర్వాత నాతో ఎప్పుడూ హిందీ మాట్లాడలేదు.

మాది కర్నూలు పాతూళ్ళో నూనె వ్యాపారం చేసే కుటుంబం. కోమట్ల ఇంటి ఆడపిల్లకు మిలిటరీ ఏమిటని బజారంతా నవ్విన రోజుల్లో నేను యూనిఫాం వేసుకున్నాను. సెలవులకు ఇంటికి పోతే తప్ప మా సీమ మాట నా చెవిన పడేది కాదు. అందుకేనేమో, రౌండ్లు అయిపోయాక కూడా ఏదో ఒక నెపంతో అతని మంచం దగ్గర ఆగేదాన్ని. డాక్టరు ఒక రోగి దగ్గర ఎక్కువసేపు నిలబడకూడదు, మిగతావాళ్ళు చూస్తుంటారు. తెలిసీ నిలబడేదాన్ని.

అతని సంగతులు అట్లా ఒక్కొక్కటిగా తెలిశాయి. తండ్రి బండల గనిలో పనిచేస్తూ, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే చనిపోయాడు. తల్లి కూలికి పోయేది. అన్న బడి మానేసి లారీ క్లీనరుగా చేరి, తర్వాత డ్రైవరై, ఎర్రగుంట్ల నుంచి సిమెంటు తోలుతూ ఇల్లు నడిపాడు. తమ్ముణ్ణి పది దాకా చదివించాడు. మిలిటరీలో చేరాలని తమ్ముడు తెల్లారకముందే రోడ్డు మీద పరుగెత్తుతుంటే, లారీ లైట్లు వేసి వెనకే మెల్లగా తోలుకుంటూ వచ్చేవాడట. సెలక్షన్ అయిన రోజు ఊరందరికీ బొరుగులు, బెల్లం పంచాడట. ఆ కబుర్లు చెప్పేటప్పుడు అతని ముఖం మీద వాపు కూడా తగ్గినట్టు కనబడేది.

జబ్బు సంగతి పూర్తిగా చెప్పాక అతను అడిగింది ఒక్కటే. మళ్ళీ పరేడ్‌కు పోవచ్చా అని. ఇంట్లోవాళ్ళలో ఎవరిదైనా కిడ్నీ సరిపోయి, ఆపరేషన్ బాగా జరిగితే మామూలు మనిషిలా బతకవచ్చని చెప్పాను. పరేడ్ మాట చెప్పలేదు. అతనూ మళ్ళీ అడగలేదు.

తల్లీ అన్నా రైలెక్కి వచ్చారు. తల్లి బక్కపలచటి మనిషి, వార్డు గచ్చు మీద చెప్పులు లేకుండా నడిచేది. వచ్చిన రోజే నా గదిలోకి వచ్చి, కొంగు నడుముకు బిగించుకొని, యాడ కోస్తారో కోసుకోండి, రొండూ తీసుకోండి అంది. పరీక్షలు చేస్తే ఆమెకు చక్కెర జబ్బు బయటపడింది. ఏళ్ళ తరబడి ఉన్నట్టుంది, ఆమెకే తెలియదు. ఆమెది తీసుకోవడానికి వీల్లేదు. ఇక మిగిలింది అన్న.

అన్నకు అన్నీ కలిశాయి. రక్తం కలిసింది, లోపలి పరీక్షలూ కలిశాయి. అన్నదమ్ముల మధ్య అంత చక్కగా కలవడం అరుదు. ఆ మాట వార్డంతా పాకింది. జవాన్లకు ఇట్లాంటి సంగతి దొరికితే పండగే. అన్న క్యాంటీనుకు పోతే టీ ఎవరో ఒకరు తెచ్చి చేతిలో పెట్టేవారు. భాష రాకపోయినా భుజం తట్టేవారు. ఒక సర్దారు సుబేదారు, ఆయన కూడా మా రోగే, మంచం మీద నుంచి లేచి ఆ లారీ డ్రైవరుకు సెల్యూట్ చేశాడు. అన్న తలవంచుకొని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు సిగ్గుగా కనబడింది. సిగ్గు కాదని తర్వాత తెలిసింది.

కిడ్నీ ఇచ్చేవాణ్ణి ఆపరేషన్‌కు ముందు ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడటం మా పద్ధతి. తలుపు వేస్తాం. ఇష్టంగానే ఇస్తున్నావా, ఎవరైనా బలవంతం చేస్తున్నారా అని అడుగుతాం. వద్దని చెబితే ఆ మాట గది దాటదు. ఇంట్లోవాళ్ళకు శరీరం సరిపడలేదని మాత్రమే చెబుతాం. ఎవరి ఒళ్ళు వాళ్ళది. అమ్మ ఏడుస్తుందనో, పదిమంది ఏమనుకుంటారోననో ఎవరూ కత్తి కిందికి పోకూడదు. అది రాతలో ఉన్న నియమం కాదు, మాకు పని నేర్పిన పెద్దవాళ్ళు నేర్పిన మర్యాద.

అన్నను పిలిచిన మధ్యాహ్నం అతను నా ఎదురు కుర్చీ అంచున కూర్చొని గోళ్ళలోని గ్రీజు గిల్లుకుంటున్నాడు. నేను అడిగిందే మళ్ళీ అడిగాను.

"నాకు చేతకాదు మేడం," అన్నాడు.

భయమా అని అడిగాను. భయమూ ఉండాదన్నాడు. తనకిద్దరు ఆడపిల్లలు, రేపు స్టీరింగు పట్టలేకపోతే వాళ్ళ గతేమిటన్నాడు. పట్టవచ్చని, కొన్ని నెలలు ఆగితే చాలని నేను చెప్పాను. తల ఊపాడు. అది కాదన్నట్టు మళ్ళీ తల అడ్డంగా ఊపాడు. చేతులు తొడల మీద పెట్టుకొని వాటినే చూస్తూ, ఒక్కో మాట లాగుతున్నట్టు చెప్పాడు.

"వాన్ని నేనే సదివిచ్చినా. నేనే మిలిటరీకి పంపిచ్చినా. నా ఈడు పిల్లోల్లు ఆడుకుంటాంటే నేను లారీ కింద పండుకోని గ్రీజు పూసినా. ఇచ్చినాననీ అనుకోల్యా, ఎప్పుడూ లెక్క పెట్టుకోల్యా. ఇంగ ఇదిగూడా నేనే ఇయ్యల్లంటే... నా లోపల ఏందో అడ్డం తిరుగుతాండాది మేడం. వాడు నా తమ్ముడే. నాకు చేతకాల్యా."

ఏడవలేదు. తనను తిట్టమన్నట్టు నా ముఖంలోకి చూశాడు. నేను తిట్టలేదు. అట్లా వద్దన్నవాళ్ళు అంతకుముందూ ఉన్నారు, ఆ తర్వాతా ఉన్నారు. మీ అమ్మకు, మీ తమ్ముడికి నేను చెబుతాను, మీరు ఏమీ మాట్లాడవద్దు అన్నాను. అతను లేచి, తలుపు దగ్గర ఆగి, రెండు చేతులూ జోడించాడు. ఆ దండం నాకు ఇష్టం లేకపోయింది. తీసుకోక తప్పలేదు.

సాయంత్రం తల్లిని, తమ్ముణ్ణి దగ్గర పెట్టుకొని చెప్పాను. చివరి పరీక్షలో చిన్న లోపం కనబడింది, పెద్దబ్బాయి కిడ్నీ ఇవ్వడానికి పనికిరాదు అన్నాను. హిందీలో చెప్పి ఉంటే ఆ అబద్ధం ఇంకా తేలిగ్గా వచ్చేది. తెలుగులో చెప్పవలసి వచ్చింది. తమ్ముడు సరే మేడం అన్నాడు, అంతే. అన్న అతని మంచం చివర, కాళ్ళ దగ్గర కూర్చొని ఉన్నాడు.

తల్లి మాత్రం నా చెయ్యి పట్టుకుంది. "పెద్దోనిది గూడా చెడిపోయినాదా డాక్టరమ్మా?" అని అడిగింది.

చెడిపోలేదమ్మా, ఇవ్వడానికి మాత్రం కుదరదు అని చెప్పాను. ఆమె తల ఊపింది కానీ ఆమె కళ్ళు అప్పటికే పెద్దకొడుకు మీద ఉన్నాయి. చిన్నకొడుకును చూసినట్టే అతన్నీ చూస్తోంది.

చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం పేరు నమోదు చేశాం. ఆ రోజుల్లో అది వాన కోసం ఎదురుచూడటం లాంటిది. నెలల తరబడి మిషన్ మీద రక్తం శుద్ధి చేస్తూ వచ్చాం. చివరికి మెడికల్ బోర్డు కూర్చుంది. కొలువుకు పనికిరాడని రాసింది. జవాన్ల భాషలో దాన్ని బోర్డ్ ఔట్ అంటారు. ఇంటికి పోయాక మిషన్ కోసం మాటిమాటికీ కర్నూలుకో కడపకో తిరగడం కష్టమని, ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఎంచుకున్నాం. పొట్టలోకి ఒక సన్నటి గొట్టం శాశ్వతంగా పెడతారు. దాని గుండా సంచిలోని మందునీళ్ళు లోపలికి వదిలి, కొన్ని గంటలు ఉంచి, మళ్ళీ బయటికి దించుతారు. పగలూ రాత్రీ పలుమార్లు చేయాలి. ప్రతిసారీ చేతులు బాగా కడుక్కోవాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, ఫ్యాను ఆపాలి. ఒక్కసారి మురికి తగిలినా పొట్టంతా చీము పడుతుంది.

ఎవరు నేర్చుకుంటారని నర్సు అడిగింది. తల్లి ముందుకు వచ్చేలోపే అన్న లేచి, నాకు నేర్పించండి అన్నాడు. గ్రీజు పట్టిన గోళ్ళు మొదలంటా కత్తిరించుకొని వచ్చి, వార్డులో కూర్చొని నేర్చుకున్నాడు. వెళ్ళిపోయే రోజు తమ్ముడు యూనిఫాం అప్పగించి, తెల్ల చొక్కా వేసుకొని నా గదికి వచ్చాడు. అలవాటు కొద్దీ చెయ్యి పైకి లేచింది. టోపీ లేకుండా సెల్యూట్ చేయరు. సగంలో ఆపి, నమస్కారం పెట్టాడు.

మరుసటి ఏడు సెలవులో కర్నూలు వచ్చినప్పుడు వాళ్ళ ఊరికి పోయాను. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడప, అక్కడి నుంచి ఇంకో బస్సు. వానలు పడని ఏడు. చేలల్లో చెనిక్కాయ చెట్లు జానెడైనా లేవకుండా ఎండిపోయి ఉన్నాయి. ఇల్లు బండల మిద్దె. ముందు గదికి సున్నం కొట్టి, వాకిలికి ప్లాస్టిక్ తెర కట్టి, తమ్ముడికి కేటాయించారు. దూలానికి ఉయ్యాల కోసం ఎప్పుడో కొట్టిన ఇనుప కొక్కేనికి మందునీళ్ళ సంచి వేలాడుతోంది. అన్న కూతుళ్ళిద్దరూ తెర అవతలే నిలబడి లోపలికి తొంగి చూస్తున్నారు. సంచి మారుస్తున్నంతసేపూ వాళ్ళు లోపలికి రాకూడదు. వాళ్ళకది బాగా తెలుసు.

తమ్ముడు చిక్కిపోయాడు. కానీ బాగానే ఉన్నానన్నాడు, మంచం మీద నుంచే నాతో చాలాసేపు కబుర్లు చెప్పాడు. అన్న లారీ మానేశాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునేముందు సంచి మార్చాలంటే బండెక్కి దూరం పోయే వీలు లేదు. ఊళ్ళోనే కౌలుకు చేను తీసుకొని, పంట రాక, కూలికి పోతున్నాడు. వాళ్ళమ్మ చెప్పిన కారణం వేరు. అతనికి ఆరోగ్యం బాగాలేదు కాబట్టి తనే మాన్పించానంది.

అన్నానికి కూర్చున్నప్పుడు అది పూర్తిగా అర్థమైంది. నాకు సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, పప్పు పెట్టింది. తమ్ముడికి వేరే కుండలో నుంచి చప్పిడి సంగటి, ఉప్పు లేని పప్పు పెట్టింది. అతని జబ్బుకు ఉప్పు తగ్గించాలి, అది మేము చెప్పిందే. అదే కుండలో నుంచి అన్నకూ పెట్టింది. అతను తల ఎత్తకుండా కలుపుకొని తింటున్నాడు.

"ఇద్దరికీ ఒక కుండే డాక్టరమ్మా," అంది ఆమె. "ఈనికీ బాగల్యాదంటిరి గదా. పొద్దున్నే పల్లేరుకాయల కషాయం గూడా పోస్తాండా. తాగనంటాడు, ఇడ్సను."

పెద్దబ్బాయికి ఉప్పు మానాల్సిన పని లేదమ్మా, అతను బాగున్నాడు అని చెప్పాను. ఆమె నా వైపు జాలిగా చూసింది.

"ఇప్పుడు బాగుంటాడులే. చిన్నోడు గూడా మొదుట్లో బాగనే ఉన్న్యాడు గదా తల్లీ. మిలిటరీ డాక్టర్లకే ముందుగా తెలియకపాయె. ఒగన్ని చేతులారా పోగొట్టుకుంటాండా. ఈన్నన్నా కాపాడుకోవల్ల."

తమ్ముడు మజ్జిగ అడిగాడు. మాట అక్కడికి ఆగిపోయింది.

బస్సు దాకా అన్న నాతో వచ్చాడు. ఇట్లా ఎన్నాళ్ళు తింటావు, నేను మీ అమ్మకు ఇంకా గట్టిగా చెబుతాను అన్నాను.

"వద్దు మేడం. చప్పిడి కూడు ఏం చేస్తాది. తింటా."

బయట ఎక్కడైనా హోటల్లో తినవచ్చు కదా అని అడిగాను. మొదట్లో ఒకసారి వేంపల్లెలో దోసె తిన్నాడట. ఉప్పు నాలుకకు తగలగానే లేచి వచ్చేశాడట. తినబుద్ధి కాలేదన్నాడు. ఆపైన చెరువు ఎండిపోయిన సంగతి, చేనికిచ్చిన కౌలు సంగతి మాట్లాడాడు. బస్సు రాగానే నా సంచి లోపల పెట్టి దిగిపోయాడు. తిరుగు ప్రయాణమంతా కిటికీ పక్కన కూర్చొని, అతను నా గదిలో అన్న మాటలు గుర్తు చేసుకున్నాను. వద్దనడానికి అతనికి హక్కుంది. ఈ రోజుకూ నాకు ఆ విషయంలో అనుమానం లేదు. కానీ హక్కు ఉన్నవాడు ఇట్లా బతుకుతున్నాడు.

మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి తమ్ముడి పొట్టలో చీము పట్టింది. దించిన నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయని అన్న ఫోన్ చేశాడు. వెంటనే కర్నూలుకు తీసుకుపొమ్మన్నాను. ఆసారి కోలుకున్నాడు. కొన్నాళ్ళకే మళ్ళీ వచ్చింది. దుమ్ము గాలులు వీచే ఊళ్ళో, ఎంత కడిగినా, ఎంత కట్టినా, ఎక్కడో ఒకచోట తగులుతుంది. మా ఆసుపత్రి గదుల్లోనూ తగిలేది. అన్న ఫోన్లో అదే అడిగాడు, తాను ఏం తప్పు చేశానని. ఏమీ చేయలేదని చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు.

నాకు సెలవు దొరికి కర్నూలు వచ్చేసరికి తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు. నేను అక్కడ డాక్టరును కాను, చూడ్డానికి వచ్చిన మనిషిని మాత్రమే. స్టూలు లాక్కొని కూర్చున్నాను. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. చెంపలు లోపలికి పోయి, కళ్ళు మాత్రం పెద్దవిగా కనబడుతున్నాయి. తల్లి ఊళ్ళోనే ఉంది. అన్న మందులు తేవడానికి కిందికి పోయాడు. అతను పోయేదాకా ఆగి తమ్ముడు అన్నాడు:

"మేడం, మా అన్న ఉప్పు తినొచ్చని అమ్మకు చెప్పండి."

నేను తలుపు వైపు చూశాను.

"ఇప్పుడు గాదు. నేనుండంగ వద్దు. నేను పోయినాక చెప్పండి."

చెబుతానని మాట ఇచ్చాను. అన్న సంగతి ఎప్పటి నుంచి తెలుసని అడిగాను.

"ఆ పొద్దే తెలుసు మేడం. మీరు చెప్తాంటే వాడు నా కాళ్ళ కాడ కూచోని, నా కాళ్ళనే చూస్తాన్న్యాడు. మా నాయన సచ్చిపోయిన పొద్దు గూడా అంతే. నాయన పనికి పోయినాడు, రేపొస్తాడని నాకు చెప్పి, నా కాళ్ళు చూస్తా కూచున్న్యాడు. వానికి అబద్దం చెప్పను రాదు."

కోపం రాలేదా అని అడిగాను. అడగకూడదేమో.

"వచ్చినాది. శానా వచ్చినాది. మీ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వాని మొగం చూడబుద్ది కాల్యా. ఇంటికొచ్చినాక... దినామూ సంచి మార్చేతప్పుడు వాని చేతులు చూస్తా పండుకుంటి. కడిగీ కడిగీ తోలు లేసిపోయినాది మేడం. ఆ చేతులు చూస్తా ఎంతకాలం కోపం పెట్టుకుంటారు ఎవురైనా."

మీ అన్నకు ఈ మాట చెప్పు, నీ నోటితో చెప్పు అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "నాకు తెలుసని తెలిస్తే వాడు నా ముందర నిలబడలేడు. నాకు సంచి ఎవురు మారుస్తారు?" అని నవ్వాడు. అన్న మెట్లెక్కి వచ్చే చప్పుడు విని ఇద్దరం మాట మార్చాం.

ఆ తర్వాత అతను ఎక్కువ రోజులు బతకలేదు. చీము రక్తంలోకి ఎక్కింది. నేను అప్పటికి ఉద్యోగానికి తిరిగిపోయాను. అన్న ఫోన్ చేసి, పోయినాడు మేడం అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. చుట్టుపక్కల ఊళ్ళలోని మాజీ సైనికులు నలుగురైదుగురు టోపీలు పెట్టుకొని వచ్చి పాడె మోశారని తర్వాత తెలిసింది. ఆ రోజు వార్డులో రౌండ్లు మామూలుగానే చేశాను. ఒక కుర్రవాడు తనెప్పుడు యూనిట్‌కు పోవచ్చని అడిగాడు. వాడికి జవాబు చెప్పకుండా ముందుకు నడిచాను, అదే మొదటిసారి.

మాట ఇచ్చాను కాబట్టి, సెలవు దొరకగానే మళ్ళీ ఆ ఊరికి పోయాను. బస్సులో పోతున్నంతసేపూ ఏం చెప్పాలో కూర్చుకున్నాను. మళ్ళీ పరీక్ష చేయించాం, అప్పటి లోపం మందులతో పోయింది అని చెబుదామనుకున్నాను. ఆమె అరుగు మీద కూర్చొని చెనిక్కాయలు వొలుస్తోంది. ముందు గదికి తెర తీసేశారు. కొక్కెం ఖాళీగా ఉంది. అన్న కొంచెం దూరంలో గోడకు ఆనుకొని కూర్చున్నాడు. కుశలాలు అయ్యాక, పెద్దబ్బాయికి ఏ జబ్బూ లేదమ్మా, ఇకనైనా ఉప్పేసి పెట్టండి అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు. ఒక కాయ వొలిచి, గింజలు చాటలో వేసి అడిగింది.

"ఇప్పుడు ల్యాకుండా పోయినాదా?"

నేను కూర్చుకున్న మాట చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

"అప్పుడు గూడా ల్యాకుండెనా?"

లోపం పోయిందని చెబితే, అది ముందే పోయి ఉంటే చిన్నోడు బతికేవాడు కదా అని జీవితాంతం కుమిలిపోతుంది. మొదటి నుంచీ లేదంటే పెద్దకొడుకు నెత్తిన బండ వేసినట్టు. ఏదీ చెప్పలేకపోయాను. అన్న కదలలేదు. ఆమె మమ్మల్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మళ్ళీ అడగలేదు. చాట పక్కన పెట్టి, లోపలికి పోయింది.

చాలాసేపటికి అన్నానికి పిలిచింది. అన్న పళ్ళెంలో సంగటి ముద్ద పెట్టి, పప్పు పోసింది. లోపలి నుంచి ఉప్పు చిప్ప తెచ్చి అతని పళ్ళెం పక్కన పెట్టింది. అతను ముట్టుకోలేదు. కాసేపు చూసి, తనే వంగి, చిటికెడు ఉప్పు తీసి అతని పప్పులో వేసి, వేళ్ళతో కలిపింది.

"తిను," అంది.

అతను తిన్నాడు. నేనూ తిన్నాను. అతని పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఆమె అక్కడే నిలబడి, తర్వాత పెరట్లోకి పోయింది. నేను బయల్దేరేటప్పుడు ఎప్పటిలాగే నా తల నిమిరి, జాగర్తగా పో తల్లీ అంది. ఆమె ఏడుస్తుందేమోననుకున్నాను. ఏడవలేదు.

వాళ్ళను ఇంకొక్కసారి చూశాను, రెండుమూడేళ్ళ తర్వాత. కర్నూలు నుంచి కడప పోతుంటే ఆళ్ళగడ్డ బస్టాండులో బస్సు ఆగింది. దిగి టీ తాగుతుంటే అన్నే నన్ను గుర్తుపట్టి పలకరించాడు. తల్లిని అహోబిలం తీసుకుపోయి వస్తూ, ఎర్రగుంట్ల బస్సెక్కడానికి దిగాడట. మళ్ళీ లారీ తోలుతున్నాడు, పెద్ద కూతురు హైస్కూల్లో చేరింది. కాస్త ఒళ్ళు చేశాడు. ఆరోగ్యం బాగుందా అని అలవాటుగా అడిగి, అడిగినందుకు నాలుక కరుచుకున్నాను. బాగుండానన్నాడు. తల్లి కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది.

అమ్మ ఎట్లా ఉందని అడిగాను.

"బాగుండాది మేడం. అన్నీ చేసి పెడతాది. కోపమూ ల్యా, ఏమీ ల్యా. నాతో మాట్లాడ్తాది." తల్లి వైపు చూశాడు. "ముందర నన్ను నాయనా అని పిలుస్తాండె. ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తాది. అంతే మేడం. ఇంగేమీ మారల్యా."

ఆమె వచ్చి నన్ను చూసి సంతోషపడింది. కొంగున కట్టుకున్న ప్రసాదం విప్పి నా చేతిలో పెట్టింది. మిలిటరీ వాళ్ళు నన్ను ఇంకా ఎన్నాళ్ళు ఉంచుకుంటారని అడిగింది. ఎండ గురించి, మోకాళ్ళ నొప్పి గురించి చెప్పింది. చిన్నకొడుకు మాట రాలేదు. కండక్టరు ఈల వేస్తే నేను బస్సెక్కాను. బస్సు మలుపు తిరిగేటప్పుడు చూశాను. ఎండలో ఆమె ముందు నడుస్తోంది. అతను రెండు సంచులూ చేత్తో పట్టుకొని, కొంచెం ఎడంగా, ఆమె వెనక నడుస్తున్నాడు.